ఊఁ కొట్టే మనిషి

కుట్టుషాపు పైన గది,
జూన్ 3, మంగళవారం.

చెల్లీ,

ముందు నీ ఒళ్ళు ఎలా ఉందో రాయి. మోకాళ్ళ వాపు తగ్గిందా? అమ్మాయి బీపీ మాత్ర మానేయలేదు కదా? మానేసే రకమే అది, చిన్నప్పుడు జ్వరం మాత్రలు పరుపు కింద దాచేది. అల్లుడుగారి నడుము ఎలా ఉంది? బస్సు నడిపేవాళ్ళకి ముందు పోయేది నడుమే. మీ వియ్యపురాలికి పళ్ళ సెట్టు సరిపోయిందా, ఇంకా చేత్తో పట్టుకునే తిరుగుతోందా? నవ్వానని చెప్పకు ఆవిడకి.

నేను బాగానే ఉన్నాను. గుండెదడ ఉంది గానీ అది నాకు పుట్టుకతో వచ్చిన చుట్టం. నిన్న గ్యాసు కట్టేశానో లేదోనని మూడుసార్లు మెట్లెక్కాను. మూడుసార్లూ కట్టేసే ఉంది. నాలుగోసారి కింద దర్జీ భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండండి పెద్దమ్మా, నేను చూసొస్తా. మీ మోకాళ్ళు అరిగిపోతే అతుకు వెయ్యడానికి మా ఆయన దగ్గర గుడ్డ లేదు" అంది.

ఇక అసలు సంగతి. మన సభ హాలు పైకప్పు పెచ్చులు ఊడి పడ్డాయి. ఎవరి మీదా పడలేదు. పడి ఉంటే? నేను కథ చెప్పే కుర్చీ ఉంటుందే, సరిగ్గా అక్కడే పడ్డాయట. మున్సిపల్ ఆఫీసువాళ్ళు వచ్చి తాళం వేసి, తలుపు మీద కాగితం అంటించి పోయారు. వెళ్ళి చదివాను. నాకున్న అయిదో తరగతికి సగమే అర్థమైంది.

లైబ్రరీ అమ్మగారు మొన్న ఇంటికి వచ్చారు. "పెద్దమ్మా, ఈసారి కథల సభ ఆపేది లేదు. ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని వింటారు, మీరూ మీ గదిలోనే కూర్చుని చెప్పొచ్చు" అన్నారు.

"మరి ఊఁ?" అన్నాను.

"అందరి మైకులూ ఆపేస్తామండీ. లేకపోతే కుక్కర్ కూతలూ కుక్కల అరుపులూ కలిసిపోతాయి. ఊఁ బదులు వాళ్ళు చేతుల బొమ్మలు పంపిస్తారు."

బొమ్మలట చెల్లీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా మూడోరోజు చివరి కథ నాదే. నా మోకాళ్ళ ముందు పీట వేసుకుని కూర్చుని ఊఁ కొట్టింది నువ్వే. ఏడు తలుపుల కథలో తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయే పిల్ల ప్రతి తలుపు దగ్గరా ఆగుతుంది. నువ్వు ఊఁ అంటేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. నాయనమ్మ మనకి అలాగే నేర్పింది. ఊఁ ఆగిందంటే వినేవాళ్ళు నిద్రపోయారని లెక్క, అక్కడే ఆపెయ్యాలి, నిద్రపోయినవాళ్ళకి చెబితే కథ అలుగుతుందనేది. నేను ఏనాడూ ఆ మాట దాటలేదు.

ఇదంతా చెబితే ఆవిడ మంచిదే, కాస్త ఆలోచించింది. "సరే, మీ చెల్లెలి మైకు ఒక్కటీ తెరిచి ఉంచుతాను" అంది. అమ్మాయి ఫోనులో నువ్వు కనిపిస్తావట. జులై పన్నెండు సాయంత్రం. ఊఁ కొడతావు కదా? వెంటనే రాయి. ఉత్తరం తప్పిపోతుందేమోనని ఇదే ఇంకో కాగితం మీద రాసి రేపు కూడా పోస్టు చేస్తాను. రెండు వస్తే కంగారుపడకు.

నీ అక్క


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు,
జూన్ 11.

అక్కకి,

రెండు ఉత్తరాలూ అందాయి. రెండోదాన్లో గ్యాసు ముందు రాశావు, గుండెదడ తరవాత రాశావు. తక్కినదంతా ఒకటే.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. అమ్మాయి మాత్ర వేసుకుంటోంది, నేనే ఎదురుగా కూర్చుని మింగిస్తున్నాను. అల్లుడు పట్టీ కట్టుకుని డ్యూటీకి పోతున్నాడు. వియ్యపురాలి పళ్ళు ప్రస్తుతం గ్లాసులో కాపురం ఉంటున్నాయి. ఆవిడకీ నాకూ మాటలు తక్కువ కనక ఇబ్బందేమీ లేదు.

సభ సంగతి చదివాను. ఈసారికి నన్ను వదిలెయ్యి. ఇక్కడ ఫోను సరిగా పని చెయ్యదు, బొమ్మ మధ్యలో ఆగిపోతుంది. ఊఁ అనడానికి ఏం చదువు కావాలి? దర్జీ భార్యని పీట మీద కూర్చోబెట్టుకో. దగ్గర మనిషి ఉండగా దూరం మనిషి ఎందుకు?

పెచ్చులు పడిన చోటు గురించి మళ్ళీ మళ్ళీ తలుచుకోకు. నీ మీద పడలేదు.

చెల్లెలు


కుట్టుషాపు పైన గది,
జూన్ 19.

చెల్లీ,

అందరూ కులాసాయేనా? నీ ఉత్తరం మూడుసార్లు తిరగేసి చదివాను. నా మీద కోపమా? పోయినసారి నువ్వు వచ్చినప్పుడు నీకు పలచటి దుప్పటి ఇచ్చాను, అది మనసులో పెట్టుకున్నావా? మందంది ఉతికి ఆరేశాను చెల్లీ, తడారలేదు. అప్పుడే చెబుదామనుకున్నాను.

నువ్వన్నట్టే దర్జీ భార్యని కూర్చోబెట్టి చూశాను. మంచిపిల్లే, కానీ నోరు ఊరుకోదు. మొదటి తలుపు దగ్గర ఆగాను. ఊఁ అనమని చెప్పాను కదా, "ఊఁ, కానీ పెద్దమ్మా, అంత పెద్ద ఇంటికి ఏడు తలుపులేనా? కిటికీలు లేవా?" అంది. రెండో తలుపు దగ్గర ఊఁ అని, కింద ఎవరో జాకెట్టుకి వచ్చారని లేచిపోయింది. వచ్చాక "తమ్ముడు దొరికాడా?" అని అడిగింది. దర్జీ మెట్ల మీంచి "వాడు దొరక్కపోతే మనకేంటే, నా కత్తెర ఎక్కడ పెట్టావు?" అని అరిచాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నీలాగా ఎవరూ వినరు. నువ్వు రెప్ప వెయ్యకుండా నా మొహమే చూస్తావు. కిందటేడు హాల్లో ఎవరిదో చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చినా, వెనక బెంచీ విరిగి గడియారాల షాపు ఆయన దబ్బుమని కిందపడినా అందరూ తిరిగి చూశారు గానీ నువ్వు తల తిప్పలేదు. నా మనిషంటే ఇదీ అనుకున్నాను.

ఆయన నిన్న రోడ్డు మీద కనిపించి "ఏం పెద్దమ్మా, మీ ఊఁ ఇంకా ఊళ్ళోకి దిగలేదా? లేకపోతే నా గడియారం ఒకటి తీసుకెళ్ళండి, గంటకోసారి ఠంగుమంటుంది" అన్నాడు. ఆయనకేం, చెప్పేవి జోకులు. వాటికి ఎవరి నవ్వు వాళ్ళింట్లో నవ్వుకుంటే చాలు.

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. లైబ్రరీ అమ్మగారు "ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడుకుంటే తేలిపోయేదానికి ఈ ఉత్తరాలేమిటండీ?" అన్నారు. ఆ ఇంటికి వెళ్ళి రెండేళ్ళయింది, ఒక్కసారి ఫోనులో నీ గొంతు వినలేదు. తలనొప్పి వస్తుందంటావు. నిజంగా తలనొప్పేనా? తలలో ఏదైనా ఉందేమో చూపించుకున్నావా?

నువ్వు ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. చెప్పలేను. అప్పుడు ఏడు తలుపుల కథ ఈ ఏటితో సరి. ఇంకెవరికీ అది రాదు.

నీ అక్క

తా.క. నీ అక్షరాలు ఏమిటి అంత పెద్దపెద్దవి రాస్తున్నావు? నాలుగు మాటలకే కాగితం నిండిపోతోంది.


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు,
జూన్ 27.

అక్కకి,

దుప్పటి సంగతి నాకు గుర్తే లేదు. తలలో ఏమీ లేదు, డాక్టరు కూడా అదే అన్నాడని అమ్మాయి నవ్వుతోంది.

సరే. పన్నెండో తారీఖు కూర్చుంటాను. వెలుతురు నీ మొహం మీద పడేటట్టు చూసుకో. కిటికీకి వీపు పెట్టి కూర్చోకు. మెల్లిగా చెప్పు.

చెల్లెలు


కుట్టుషాపు పైన గది,
జులై 15.

చెల్లీ,

నీ ఆరోగ్యం ఎలా ఉంది? అమ్మాయి, అల్లుడుగారు, వియ్యపురాలు కులాసా అనుకుంటాను.

సభ బాగా జరిగింది. అందరూ మెచ్చుకున్నారు. లైబ్రరీ అమ్మగారు మర్నాడు వచ్చి "చాలా బాగా చెప్పారు" అన్నారు. గడియారాల ఆయన జోకులకి నాలుగు వందల మంది వచ్చారట. హాల్లో మనకి నూట ఇరవై మందే పట్టేవారు. ఎక్కడో ఆసుపత్రి మంచం మీద ఉన్న ఒకావిడ మూడురోజులూ విన్నదట. మంచిదే కదా.

ఆ రోజు నీకు ఒంట్లో బాగుందా? ఊరికే అడిగాను. వానలు పట్టుకున్నాయి, బట్టలు ఆరట్లేదు.

నీ అక్క


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు,
జులై 22.

అక్కకి,

అబద్ధం నీకు చేతకాదు. నాలుగు ముక్కల్లో ఉత్తరం ముగించినప్పుడే తెలిసింది. మూడో తలుపు దగ్గర నువ్వు ఆగిపోయావు. అమ్మాయి చెప్పింది.

తప్పు నాది. నిద్రపోయాను. కొత్త మాత్రలు మత్తుగా ఉంటున్నాయి. నాయనమ్మ మాట ప్రకారం నువ్వు ఆపడమే సరైంది. క్షమించు.

చెల్లెలు


కుట్టుషాపు పైన గది,
జులై 30.

చెల్లీ,

నేను నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని. నిన్ను చంకనేసుకుని తిప్పాను. నిద్రపోయిన మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదా?

సరే, నేను అబద్ధం రాశాను, ఒప్పుకుంటున్నాను. జరిగింది విను. దర్జీ భార్య పలక లాంటిది ఒకటి తెచ్చి బల్ల మీద నిలబెట్టింది. అందులో గళ్ళు గళ్ళుగా మొహాలు, రేషను కార్డు ఫొటోల్లాగా. కుడిపక్క కింది గడిలో నువ్వు. గదిలో చప్పుడు కాకూడదని అమ్మగారు చెప్పారని ఆ పిల్ల నోటి మీద రెండు చేతులూ పెట్టుకుని మూల కూర్చుంది, తుమ్ము కూడా ఆపుకుంది పాపం. మొదలుపెట్టాను. మొదటి తలుపుకి నువ్వు ఊఁ అన్నావు, కాస్త ముందే అన్నావు. నేను ఇంకా తలుపు దాకా రానేలేదు. రెండోదానికి ఆలస్యంగా అన్నావు. తీగల మీంచి రావాలి కదా, అంతే అనుకున్నాను.

మూడో తలుపు దగ్గర ఆగాను. నువ్వు ఏమీ అనలేదు. చూస్తున్నాను, నీ కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్క గళ్ళలో వాళ్ళ పెదాలు కదులుతున్నాయి, ఏదో అంటున్నారు, ఒక్క చప్పుడు లేదు. నవ్వుతున్నారో తిడుతున్నారో, ఎవరికి తెలుసు? నేను చచ్చిపోయి అవతలి నుంచి చూస్తున్నట్టుంది. ఊఁ రాలేదు కనక నేను చెప్పలేదు. ఒకటి తరవాత ఒకటి గళ్ళు ఆరిపోయాయి. పదకొండు నిమిషాలట, దర్జీ భార్య గోడగడియారం చూసి చెప్పింది. అమ్మగారి గొంతు మాత్రం రెండుసార్లు వచ్చింది, "పెద్దమ్మా, చెప్పండి, వినిపిస్తోంది, చెప్పండి" అని. ఆవిడకేం తెలుసు?

ముప్పై ఒక్క ఏళ్ళు హాలు నిండా మనుషులకి చెప్పినదాన్ని, ఆ రోజు చెవిటివాడి ముందు శంఖం ఊదినదాన్నయ్యాను. ఆ చెవిటివాడైనా నయం, "ఏమిటి కొరుకుతున్నావు?" అని అడిగాడట. నువ్వు అదీ అడగలేదు. కళ్ళు తెరుచుకుని చూస్తూ కూర్చున్నావు.

మధ్యలో వదిలేసిన కథలో మనుషులు అక్కడే నిలబడి ఉంటారని నాయనమ్మ అనేది. ఆ పిల్లని అక్కడ నిలబెట్టేశాను. కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది. నామీద ఏం కోపమో చెప్పు. చెప్పకపోతే ఇక రాయను.

అక్క


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు,
ఆగస్టు 9.

అక్కకి,

నీ సామెతలో మనిషిని నేనే. ఏం కొరుకుతున్నావని అడగలేదు, అంతే తేడా.

నాకు వినపడదు అక్కా. తొమ్మిదేళ్ళయింది. ముందు ఎడమ చెవి పోయింది, నాలుగేళ్ళ కింద కుడిది కూడా. మగ్గాల షెడ్డులో ఇరవై ఆరేళ్ళు పని చేశాక మిగిలేది అదే, నాతో చేసిన వాళ్ళలో సగం మందికి ఇంతే. మిషనేమన్నా పెడతారా అని అడిగితే డాక్టరు చెవిలో లైటు వేసి చూసి అమ్మాయితో ఏదో అన్నాడు. అమ్మాయి నాకు చెప్పలేదు. నాకు చెప్పక్కర్లేదు, ఆయన పెదాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

షెడ్డులో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. అక్కడ అందరం పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్ళం. పెళ్ళి కబుర్లూ, సూపర్వైజరు మీద తిట్లూ అన్నీ పెదాల మీదే. నీకు తెలియకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది ఆ చదువుతోనే. నువ్వు నా ఎదురుగా పీట ముందు కూర్చుంటే నాకు ఒక్క ముక్క తప్పిపోదు. రెప్ప వెయ్యలేదని మెచ్చుకున్నావే, రెప్ప వేస్తే మాట పోతుంది. చంటిపిల్ల ఏడవడం, గడియారాల ఆయన పడిపోవడం నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది.

ఆ రోజు ఫోనులో నీ మొహం బొటనవేలంత ఉంది. కదలాల్సిన పెదాలు ఆగిపోయి ఉన్నాయి, అంతలోనే నాలుగు మాటల అవతలికి గెంతాయి. మొదటి రెండూ గుడ్డిగా అన్నాను. మూడోసారి నువ్వు ఆగావో, బొమ్మ ఆగిందో నాకు తేలలేదు. తప్పుచోట ఊఁ అంటే నీకు తెలిసిపోతుందని భయపడ్డాను. అందుకని నోరు మూసుకున్నాను. ఏదో ఒకటి అని ఉంటే నువ్వు చెప్పుకుపోయేదానివి. అంత దూరం ఆలోచించలేదు.

గళ్ళలో పెదాలు కదులుతూ చప్పుడు లేకపోతే చచ్చిపోయి చూస్తున్నట్టుందని రాశావు. నీకు ఒక సాయంత్రం అలా ఉంది.

ఎందుకు దాచావంటావు. చెబితే నువ్వు పీట మీంచి నన్ను లేపేస్తావని. జాలిపడి లేపకపోయినా, గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెడతావని. ఆ కథ అరిచి చెప్పేది కాదు.

చెల్లెలు


కుట్టుషాపు పైన గది,
ఆగస్టు 20.

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ఆరుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆ సామెత రాసిన చేతిని ఏం చెయ్యాలి? పెద్దదాన్నయి ఉండి నాకు తెలియలేదు. ఎన్నిసార్లు వంటింట్లోంచి పిలిస్తే పలకలేదని నిన్ను పొగరుమోతు అన్నాను, నాకు అవన్నీ వరసపెట్టి గుర్తొస్తున్నాయి. నువ్వు రోడ్డు దాటేటప్పుడు హారను ఎలా తెలుస్తుంది? ఒక్కదానివి బయటికి పోకు. స్నానాల గది గడియ పెట్టుకోకు, పడిపోతే తలుపు కొట్టినా నీకు తెలియదు.

నీ గొంతైనా విందామని లైబ్రరీకి వెళ్ళాను. పాత సభల క్యాసెట్లలో పాడవకుండా ఉన్నవి కంప్యూటర్లోకి ఎక్కించారు కదా, వాటిలో నా కథ ఒక్క ఏడాదిదే ఉందట. అమ్మగారు సంతోషంగా కూర్చోబెట్టి, చెవులకి పెట్టుకునేది ఇచ్చారు. ఇరవై ఏళ్ళ కిందటి నా గొంతు, ఎంత గట్టిగా ఉందో. మొదటి తలుపు దాకా వచ్చాను, ఆగాను. వెంటనే తలుపు తెరుచుకుంది. నువ్వు లేవు. రెండోది, మూడోది, ఏడోది దాకా విన్నాను. ఎక్కడా లేవు.

"మా చెల్లెలి ఊఁ ఏదండీ?" అన్నాను.

"ఆ చప్పుళ్ళన్నీ శుభ్రం చేయించాం పెద్దమ్మా. దగ్గులూ, కుర్చీల కిర్రూ, ఊఁలూ అన్నీ తీసేశాక ఎంత హాయిగా ఉందో చూడండి. రెండు నెలలు పట్టింది ఆ పనికి."

"పాత క్యాసెట్లు ఉన్నాయా?"

"తడిసి బూజు పట్టాయండీ. పారేశాం."

ఆవిడ మొహం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. ఎంతో కష్టపడ్డానని చెబుతోంది, మెచ్చుకోవాలని చూస్తోంది. "బాగుందమ్మా" అని వచ్చేశాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నీ గొంతు ఒక్క చోట కూడా మిగల్లేదు.

ఇంకొక మాట. సెప్టెంబరు ఇరవైన సాయంత్రం నాకు మళ్ళీ గంటసేపు ఇస్తారట, కథ పూర్తి చెయ్యడానికి. ఊఁ లేకుండా, ఆగకుండా, కెమేరా వంక చూసి చెప్పెయ్యమన్నారు. అదే ఇక ఎప్పటికీ ఉంటుందట. వచ్చే ఏడు నుంచి కొత్తవాళ్ళ పేర్లే చాలా ఉన్నాయి, ఇంకోసారి ఇవ్వలేమన్నారు. నేను ఏం చెయ్యను?

నీ అక్క


అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు,
ఆగస్టు 30.

అక్కకి,

చెప్పెయ్యి. ఆగకుండా చెప్పెయ్యి. నాయనమ్మ లేదు, హాలు లేదు, ఎవరు అలుగుతారు? నీ తరవాత ఎవరైనా విన్నా వినకపోయినా కథ ఒకచోట ఉంటుంది. నా గొంతు పోయిందని ఏడవకు, అది నాకే వినపడదు.

నా కోసం మాత్రం ఆగకు. పెద్ద అక్షరాలు ఎందుకని అడిగావు. కళ్ళు కూడా పోతున్నాయి. చూసిన చోట నల్లటి మచ్చ పడుతోంది, పక్కల నుంచి కనిపిస్తుంది. మొహం వంక చూస్తే మొహం ఉండదు, చెవులూ జుట్టూ ఉంటాయి. మూరెడు దూరంలో, మంచి వెలుతుర్లో, కాస్త పక్కకి చూస్తే ఇప్పటికి పెదాలు అందుతున్నాయి. చలికాలం దాటేసరికి అదీ ఉండదన్నారు. మందు లేదట. అమ్మాయి నా అరచేతిలో వేలితో అక్షరాలు రాయడం నేర్చుకుంటోంది. వియ్యపురాలు కూడా నేర్చుకుంటానంది. ఆవిడ మొట్టమొదట రాసింది 'పళ్ళు'.

ఒకటి చెప్పాలి. కిందటేడు నువ్వు అయిదో తలుపు వదిలేశావు. నాలుగు నుంచి ఆరుకి వెళ్ళిపోయావు. నీ పెదాలు రెండు క్షణాలు ఊరికే ఆడాయి, మాట లేదు. నేను ఊఁ అని గట్టిగా అనేశాను. హాల్లో ఎవరికీ తెలియలేదు. నీకు తెలుసో లేదో అని ఇన్నాళ్ళు అడగలేదు.

చెల్లెలు


కుట్టుషాపు పైన గది,
సెప్టెంబరు 7.

చెల్లీ,

తెలుసు. ఇంటికి వచ్చి తల బాదుకున్నాను. అప్పటి నుంచీ రోజూ వెతుకుతున్నాను, అయిదో తలుపు రావట్లేదు. అది ఇనుపదా, కొయ్యదా, దాని దగ్గర కాపలా ఎవరు, ఏం అడుగుతారు, ఏమీ లేదు. నీకు గుర్తుందేమో రాస్తావని నీ ఉత్తరం రెండుసార్లు తిప్పి చూశాను. రాయలేదంటే నీకూ లేదన్నమాట. పాత రికార్డు మొన్న నీ ఊఁ కోసమే విన్నాను, మాటలు పట్టించుకోలేదు, అందుకని మళ్ళీ లైబ్రరీకి వెళ్ళాను. ఆ తలుపు దగ్గర నా మాటల మీదే నువ్వు ఊఁ అన్నావట, అది తీసేటప్పుడు ఆ ముక్క కూడా పోయిందట. అమ్మగారు చాలా నొచ్చుకున్నారు. ఆవిడ నొచ్చుకుంటే ఏం చెయ్యను, నేనే ఆవిడకి మంచినీళ్ళిచ్చాను.

వచ్చేటప్పుడు చూశాను, హాలు కూలగొడుతున్నారు. బెంచీలు రోడ్డు మీద పేర్చారు. గడియారాల ఆయన అవతలి వైపు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, కిందటేడు తను పడిన విరిగిన బెంచీని చేత్తో చూపించాడు. తరవాత ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం.

గోడలు కూలుతుంటే నాకొకటి అనిపించింది. కెమేరాకి నేను చెప్పినా అందులో ఆరు తలుపులే ఉంటాయి. ఎప్పటికీ ఉండేది కుంటి కథ అవుతుంది. నీకు చెప్పినా ఆరే. కానీ నీకు తెలుసు ఏడని.

అమ్మగారితో రానని చెప్పేశాను. "ఆలోచించుకోండి పెద్దమ్మా, ఇక అవకాశం ఉండదు" అన్నారు. ఉండదని తెలుసన్నాను. నా పేరు కొట్టేయడానికి ఆవిడకి చెయ్యి రాలేదు, నేనే కలం తీసుకుని గీత గీశాను. వంకరగా వచ్చింది.

నాకు ఏ ఆశా లేదు చెల్లీ. నీ చెవులు రావు, కళ్ళు ఉండవు, నా కథ నాతోనే సరి. ఒకసారి నీ ఎదురుగా మూరెడు దూరంలో కూర్చుని, ఉన్నంతవరకు చెబుతాను. మధ్యలో మర్చిపోతే నువ్వు కోప్పడకూడదు. నువ్వు ఊఁ అనడం మర్చిపోతే నేను ఆపను, నాయనమ్మకి నేను సమాధానం చెప్పుకుంటాను.

బస్సంటే నాకు ఎంత భయమో తెలుసుగా. కిటికీ పక్కన కూర్చుంటే తల బయటికి పోతుందేమోనని, ఇవతల కూర్చుంటే ఎవరి పెట్టె నెత్తిన పడుతుందోనని. గది తాళం దర్జీ భార్యకి ఇచ్చి వస్తున్నాను, గ్యాసు రోజూ చూస్తానంది. మందం దుప్పటి నేనే తెచ్చుకుంటాను, అమ్మాయిని కంగారుపడొద్దని చెప్పు. నీ గదిలో కిటికీకి ఎదురుగా కుర్చీ వేయించు, వెలుతురు నా మొహం మీద పడాలి కదా. చీకటి పడకముందే మొదలుపెట్టాలి.

ఆ రోజు సాయంత్రమే కదా అక్కడ నా గంట అంటావు. అవును, తెలిసే వస్తున్నాను. సెప్టెంబరు ఇరవై, శనివారం. తొమ్మిదింటి బస్సు, మధ్యాహ్నం రెండున్నరకి దిగుతాను.

నీ అక్క